కంబళిలో చుట్టిన ఐసు

ప్రొద్దుటూరు కోర్టులో ప్రాక్టీసు మొదలుపెట్టిన నాలుగో ఏట, ఒక గ్లాసు కూల్ డ్రింకు తాగినందుకు నా మొదటి కమిషన్ రిపోర్టు చెల్లకుండా పోయింది.

కమిషన్ అంటే ఏమిటో ముందు చెప్పాలి. భూమి తగాదా కోర్టుకొచ్చినప్పుడు జడ్జిగారు స్వయంగా పోయి పొలం చూడలేరు కాబట్టి ఒక లాయరును కమిషనర్‌గా వేస్తారు. ఆ లాయరు వాదికీ ప్రతివాదికీ నోటీసులిచ్చి, ఇద్దరి ముందూ పొలం చూసి, కొలిచి, ఉన్నది ఉన్నట్టు రాసి కోర్టుకు ఇవ్వాలి. నాకు మొదట వచ్చింది జమ్మలమడుగు పక్క ఒక ఊరి దారి తగాదా. మే నెల. కొలతలు అయ్యేసరికి మిట్టమధ్యాహ్నమైంది. వాది ఇంటి అరుగు మీద అందరికీ కూల్ డ్రింకులు ఇచ్చారు. అందరితో పాటు నేనూ తాగాను.

పదిహేను రోజులకు ప్రతివాది అభ్యంతరం దాఖలు చేశాడు. కమిషనర్ వాది ఇంట్లో కూర్చుని తాగిందని, ఆమె రాసింది నమ్మడానికి లేదని. అప్పట్లో మా వైపు ఏ ఊళ్లో చూసినా రెండు పార్టీలు. పైన ఏ జెండా ఎగిరినా ఊళ్లో మాత్రం అవి రెండు ఇళ్లు. ఎవరి అరుగు మీద కూర్చుంటే వాళ్ల మనిషి కిందే లెక్క. ఈ సంగతి ఆ జిల్లాలో పుట్టి పెరిగిన నాకు తెలియక కాదు. దాహం వేసింది, తాగాను. జడ్జిగారు కోప్పడలేదు. కొలతలు సరిగానే ఉన్నట్టున్నాయి అంటూనే, ఇంకో కమిషనర్‌ను వేస్తూ ఆర్డరు రాశారు. ఆ రోజు కోర్టు హాలులోంచి బయటికొస్తుంటే నా చెవులు కాలిపోతున్నాయి. మాది గొర్రెలు కాసుకునే ఇల్లు. మా నాయన మందలో సగం అమ్మి నన్ను లా చదివించాడు. ఇకమీదట కమిషన్‌కు పోయిన ఊళ్లో మంచినీళ్లు కూడా ముట్టకూడదని ఆ సాయంత్రమే అనుకున్నాను.

అనుకున్నంత తేలిక కాదని రెండో కమిషన్‌లో తెలిసింది. వేంపల్లె అవతలి ఊరు అది. స్టీలు క్యారియరులో పెరుగన్నం, పెద్ద ప్లాస్టిక్ క్యానులో నీళ్లు కారు డిక్కీలో పెట్టుకుపోయాను. కారు ఒక పెద్దాయనది. సొంత అంబాసిడర్‌ను బాడుగకు తోలుకునేవాడు. సాయిబుల ఇంటి మనిషి, మా వీధిలోనే ఉండేవాడు, నేను మామా అని పిలిచేదాన్ని. మధ్యాహ్నం పని ఆపి డిక్కీ తెరిస్తే క్యారియరు చెయ్యి పెట్టలేనంత కాలుతోంది. పెరుగన్నం పులిసి నురుగు కట్టింది. నీళ్లు తలస్నానానికి కాచినట్టున్నాయి. వేరే దారి లేక అదే తిన్నాను, అవే తాగాను. తిరుగు ప్రయాణంలో ఎర్రగుంట్ల రాకముందే రెండుసార్లు కారు ఆపించి రోడ్డు పక్కన కక్కుకున్నాను. మామ నా మొహాన నీళ్లు చల్లి అన్నాడు.

“డిక్కీ కింద సైలెన్సర్ గొట్టం పోతాందిమ్మా. నువ్వు అన్నాన్ని పొయ్యి మీద పెట్టుకోని వచ్చినావు.”

మూడోది సింహాద్రిపురం వైపు ఒక చీనీ తోట, బత్తాయిని మా వైపు చీనీ అంటారు. పులివెందులలో ఏ లాయరును వేసినా ఏదో ఒక పక్షం ఒప్పుకోకపోవడంతో నన్ను వేశారు. మా సీనియరు, కోర్టు నా పేరున ఇచ్చిన కమిషన్ వారంటును తిప్పి పంపమన్నారు. ఆడమనిషివి, ఆ ఊళ్లతో నీకెందుకు అన్నారు. నేను తిప్పి పంపలేదు. ఒక రిపోర్టు చెల్లలేదు, ఒకటి సగం జబ్బుతో ముగించాను. ఈ మూడోది కూడా వదిలేస్తే నన్ను ఇంకెవరూ పిలవరని తెలుసు. అంతకంటే, వదిలేశానన్న సంగతి నాకే గుర్తుండిపోతుందని తెలుసు.

వాది ఒక ముసలి రైతు. మూడున్నర ఎకరాల్లో చీనీ పెట్టాడు. పంచాయతీ ఎన్నికల్లో అతని కొడుకు ఒక పార్టీకి పోలింగ్ ఏజెంటుగా కూర్చున్నాడు. ఎన్నికలైన వారానికి కాపు మీదున్న తోటను ఒక్క రాత్రిలో నరికేశారు. బోరు మోటారు వైర్లు కూడా కోసుకుపోయారు. ప్రతివాదులు అవతలి పార్టీ వాళ్లు ఐదుగురు. వాళ్ల జవాబు ఏమిటంటే, నీళ్లు లేక చెట్లు ముందే ఎండిపోయాయని, ముసలాయనే కట్టెల కోసం కొట్టుకుని తమ మీద పెట్టాడని. కాబట్టి నేను చూడవలసింది, నరికిన మొదళ్లు ఎన్ని, ఎంత లావున్నాయి, నరికేనాటికి చెట్టు పచ్చిదా ఎండుదా.

ఈసారి ఐసు తీసుకుపోదామనుకున్నాను. మందుల షాపులో అడిగి థర్మాకోల్ పెట్టె తెచ్చుకున్నాను. ఐసు ఫ్యాక్టరీలో గడ్డ కొట్టిచ్చినతను, చుట్టూ రంపపుపొట్టు పొయ్యమ్మా, సాయంత్రం దాకా కరగదు అన్నాడు. అలాగే పోశాను. మధ్యలో నీళ్ల సీసాలు, మజ్జిగ, అన్నం గిన్నె. డిక్కీలో కాకుండా వెనకసీటు కింద పెట్టుకుని తెల్లవారుతూనే బయలుదేరాము. ఎర్రగుంట్ల దాటేదాకా బండల లారీల వెనక నెమ్మదిగా పోవాల్సి వచ్చింది. ముద్దనూరు దాటి ఇంకొంత దూరం పోయాక పోలీసు పికెట్ దగ్గర కారు ఆపారు. కానిస్టేబుల్ పెట్టె మూత ఎత్తి, పొట్టు చూసి, ఒక్క గెంతు వెనక్కి గెంతాడు.

అతన్ని తప్పుపట్టలేను. ఆ రోజుల్లో నాటు బాంబులను కుదుపులకు పేలకుండా బకెట్లలో రంపపుపొట్టు పోసి అందులో పెట్టి తీసుకుపోయేవాళ్లు. ఆ తెలివి నాకు ముందే ఉండాల్సింది. మా ఇద్దరినీ దూరంగా నిలబెట్టారు. ఒకతను పొడుగాటి కట్టెతో పెట్టెను చేలోకి తోసి తలకిందులు చేశాడు. ఐసు, సీసాలు, అన్నం మట్టిలో దొర్లాయి. వారంటు చూపించాక వాళ్లే నొచ్చుకుని, పికెట్ కుండలోంచి నీళ్లు తాగిపొమ్మన్నారు. వద్దన్నాను. ఆ పికెట్‌కు నీళ్లు, భోజనాలు ఏ ఇంటి నుంచి వస్తాయో నాకు తెలియదు. దుమ్ము తుడుచుకుని పనికొచ్చే సీసాలు రెండు మాత్రం కారులో వేసుకున్నాను.

తోటలో ఇరవై సాళ్లు, సాలుకు పద్దెనిమిది చెట్లు పెట్టినట్టు గుంతల ఆనవాలు తెలుస్తోంది. ఒక్కొక్క మొదలు దగ్గర కూర్చుని, టేపుతో చుట్టుకొలత తీసి, సున్నంతో నంబరు వేసి, పుస్తకంలో రాసుకుంటూ పోయాను. గొడ్డలి దెబ్బ పడిన చోట బంక కారి గట్టిపడింది. చాలా మొదళ్ల పక్క నుంచి కొత్త చిగుళ్లు వస్తున్నాయి. ఎండిన చెట్టు చిగురు వెయ్యదు కదా, అదీ రాసుకున్నాను. ప్రతివాదుల వైపు వాళ్లు వేపచెట్టు కింద టెంకాయ బోండాలు కుప్ప పోసుకుని కూర్చున్నారు. ఒకతను కొడవలితో బోండాం చెక్కి తెచ్చి నా ముందు పట్టుకున్నాడు. వాది వైపు వాళ్లు చీనీకాయల రసం తెచ్చారు. ఇద్దరికీ వద్దని చెప్పాను. రెండు సీసాల నీళ్లు పన్నెండు గంటలకే అయిపోయాయి. ఒంటిగంటకు ఎనిమిదో సాలు చివర లేచి నిలబడితే నేల పక్కకు ఒరిగినట్టయింది. పుస్తకంలో అంకెలు రెండేసి కనిపిస్తున్నాయి. ఇక తప్పు రాస్తానేమోనని భయం వేసి, అక్కడితో ఆపుతున్నానని ఇరుపక్షాల లాయర్లకూ చెప్పాను. మరుసటి రోజే వద్దామంటే, పులివెందులలో ఎవరో నాయకుడి సభ ఉందని, నాలుగు రోజులు తోట దగ్గర బందోబస్తు ఇవ్వలేమని పోలీసులు అన్నారు. ఐదో రోజుకు నోటీసు ఇచ్చాను. పన్నెండు సాళ్లు నంబరు లేకుండా వదిలి దిగులుగా తిరిగొచ్చాను.

మా అమ్మ నాతో పాటే ప్రొద్దుటూరులో ఉండేది. నాయన పోయాక జమ్మలమడుగు దగ్గర మా ఊళ్లో గొర్రెలను అన్న చూసుకుంటున్నాడు. అమ్మకు జరిగిందంతా చెప్పాను. పొట్టు వద్దు, గోనెసంచులు చాలవు, ఇంకేం చుట్టాలి అని నాలో నేను అనుకుంటున్నట్టు అన్నాను. అమ్మ లోపలికి పోయి ట్రంకు పెట్టెలోంచి నాయన కప్పుకునే నల్ల గొర్రెబొచ్చు కంబళి తెచ్చింది. మంద వెంట ఊళ్లు తిరిగినన్నాళ్లూ నాయన భుజం మీద ఉండిన కంబళి అది. చలికి కప్పుకునేది ఐసుకు చుడితే ఇంకా తొందరగా కరుగుతుంది కదా అన్నాను.

“చలికి కప్పుకుంటే చలిని లోపలికి రానీదు. ఎండకు కప్పితే ఎండను రానీదు. లోపలుండేది మనిషో ఐసుగడ్డో దానికేం తెల్చు” అంది అమ్మ.

నాలుగు రోజులూ అదే పనిగా పెట్టుకున్నాము. మామను అడిగితే, బాడుగ లేని పూట అంబాసిడర్‌ను మా వీధిలో ఎండకు నిలబెట్టాడు. మందుల షాపులో మళ్లీ మూడు పెట్టెలు అడిగి, ఒకే తూకం గడ్డలు మూడు తెచ్చి, ఒకటి ఉట్టి థర్మాకోల్ పెట్టెలో, ఒకటి పక్కింట్లో అడిగి తెచ్చిన కంబళి తడిపి చుట్టిన పెట్టెలో, ఒకటి పొడి కంబళి రెండు మడతలు చుట్టిన పెట్టెలో పెట్టి, పొద్దున ఎనిమిదికి కారులో వేసి అద్దాలు ఎత్తేశాము. తడిపితే చల్లగా ఉంటుందని అమ్మ నమ్మకం, కుండకు తడిగుడ్డ చుట్టే అలవాటు కదా. సాయంత్రం నాలుగుకు చూస్తే ఉట్టి పెట్టెలో నీళ్లే మిగిలాయి. తడి కంబళిలో కోడిగుడ్డంత ఉంది. పొడి కంబళిలో ఇంకా సగానికి సగం గడ్డ. అమ్మ దాన్ని రెండు చేతులా పట్టుకుని, పక్కింటామెను పిలిచి మరీ చూపించింది.

మర్నాడు ఇంకొన్ని తెలిశాయి. నీళ్లు, మజ్జిగ ముందురోజే పక్కింటి ఫ్రిజ్జులో పెట్టి, చల్లబడ్డాక పెట్టెలో పెడితే ఐసు వాటిని చల్లబరచడానికి ఖర్చు కాదు. ఒకటే పెట్టె అయితే నీళ్లకోసం తెరిచిన ప్రతిసారీ అన్నం కూడా వేడెక్కుతుంది. రెండు పెట్టెలుండాలి. ఉందా కరిగిందా అని మూత తీసి చూడకూడదు, ఇది నాకు అన్నిటికంటే కష్టమైంది. అన్నంలో పెరుగు కలిపితే మధ్యాహ్నానికి పులుస్తోంది. చల్లార్చిన అన్నంలో పాలు ఎక్కువ పోసి ఒక్క చెంచా పెరుగు వేసి కలిపి, ఆ పెట్టెలో ఐసు తక్కువ పెడితే, దారిలో నెమ్మదిగా తోడుకుని తినే వేళకు కమ్మగా ఉంటోంది. ఒక కంబళి చాలక అన్న దగ్గర ఉన్న ఇంకొకటి తెప్పించుకున్నాను. కోర్టు ఆవరణలో కారులో కంబళ్లు చూసి లాయరమ్మ మళ్లీ గొర్రెలకు పోతున్నట్టుందని ఎవరో నవ్వారు. నా పని నాకుంది.

పికెట్ ఎస్ఐకి ముందే ఒక కాగితం రాసి పంపాను. ఫలానా రోజు, ఫలానా కారులో రెండు పెట్టెలు వస్తాయి, వాటిలో ఐసు, తిండి ఉంటాయి, నేనే తెరిచి చూపిస్తాను అని. ఐదో రోజు పొద్దున పికెట్ దగ్గర చెట్టు నీడలో కారు ఆపించి, కంబళి మడతలు నా చేత్తోనే విప్పి చూపించి, మళ్లీ చుట్టేశాను. రెండు నిమిషాలు పట్టలేదు.

తోటకు పోయేసరికి చివరి రెండు సాళ్లు లేవు. మొదళ్లతో సహా పెకలించి, మట్టి చదును చేశారు. మట్టి ఇంకా పచ్చిగా ఉంది. నంబర్లు వేసిన ఎనిమిది సాళ్లను మాత్రం ముట్టుకోలేదు. చేసిందెవరో అడిగితే ఎవరూ చెప్పరు. వేపచెట్టు కింద వాళ్లు అదే చోట కూర్చుని నన్నే చూస్తున్నారు. మొదటిరోజు ఇంకో నాలుగు సీసాల చల్లటి నీళ్లుంటే పొద్దుగూకేదాకా కూర్చునేదాన్ని, ఆ రెండు సాళ్లకూ నంబర్లు పడేవి. తవ్విన గుర్తులు కొలిచి, ఉన్నంతలో రాసుకుని, తొమ్మిదో సాలు దగ్గర కూర్చున్నాను. ఈరోజు మిగిలిన పది సాళ్లూ అయితే తప్ప తోటలోంచి కదలనని మామకు చెప్పాను.

రెండేసి సాళ్లకొకసారి కారు దగ్గరికి పోయి ఒక గ్లాసు మజ్జిగ తాగి వచ్చేదాన్ని. మామ కూడా అదే పెట్టెలోంచి తాగాడు, ఇంకెవరి దగ్గరా ముట్టలేదు. ఆ ఎండలో ఒంటిగంటకు కూడా గ్లాసు చల్లగా ఉంది. పాలన్నం చక్కగా తోడుకుంది. తిని వెంటనే లేచాను. కళ్లు తిరగలేదు.

వాది భార్య పొద్దున్నుంచి నా వెనకే సాలు సాలుకూ నడుస్తోంది. డెబ్భై ఏళ్లు దాటిన మనిషి. నేను నంబరు వేశాక ప్రతి మొదలునూ ఒకసారి చేత్తో తాకుతుంది. రెండు దాటాక, పదిహేనో సాలులో, వెనక ఏదో పడిన చప్పుడైతే తిరిగి చూశాను. ఆమె మొదలు పక్కన వెల్లకిలా పడిపోయి ఉంది. బోరు ఆడడం లేదు, తోటలో చుక్క నీళ్లు లేవు. వాళ్లు తెచ్చుకున్న బిందె ఎప్పుడో ఖాళీ అయింది. ఊరు మైలు దూరం. వేపచెట్టు కింద బోండాలున్నాయి. వాళ్లు లేవలేదు, వీళ్లు అడగలేదు.

నేను కారు వైపు నడవబోతే మామ చెయ్యి అడ్డం పెట్టి నెమ్మదిగా అన్నాడు. “నువ్వు ఇచ్చేది కూడా రాసుకుంటారుమ్మా. అందరూ చూస్తాండారు.”

“రాసుకోనీ మామా. నేనూ రాస్తా” అన్నాను.

ఒక ఐసు ముక్క గుడ్డలో కట్టి ఆమె మెడకు, నుదుటికి పెట్టాను. కాసేపటికి కళ్లు తెరిచింది. తల ఎత్తి పట్టుకుని మజ్జిగ కొంచెం కొంచెంగా తాగించాను, రెండు గ్లాసులు. ఆమెను నీడకు చేర్చి వచ్చి, ఇంకో మొదలు ముట్టుకోకముందే పుస్తకం తీసి రాశాను. రెండూ పదికి వాది భార్య ఎండదెబ్బకు పడిపోయిందని, నా దగ్గరున్న ఐసు, రెండు గ్లాసుల మజ్జిగ ఇచ్చానని, రెండూ నలభైకి పని మళ్లీ మొదలుపెట్టానని. ఇద్దరు లాయర్లనూ పిలిచి చదివి వినిపించి సంతకాలు అడిగాను. వాది లాయరు పెట్టాడు. ప్రతివాదుల లాయరు పెట్టనన్నాడు. పెట్టనన్నాడని కూడా రాసుకున్నాను. ఐదు దాటాక పద్దెనిమిదో సాలు ముగిసింది. మొత్తం మూడు వందల పదిహేడు మొదళ్లు. పెట్టెలో ఇంకా ఒక సీసా చల్లటి నీళ్లు మిగిలాయి. దాన్ని మామ, నేను ముద్దనూరు దగ్గర కారు ఆపి తాగాము.

అనుకున్నట్టే అభ్యంతరం పడింది. నన్ను బోనులో నిలబెట్టి ప్రశ్నించడానికి ప్రతివాదులు కడప నుంచి పెద్ద లాయరును తెచ్చుకున్నారు. హాలు నిండా రెండు పార్టీల మనుషులు. ఆయన నిదానంగా మొదలుపెట్టి, కమిషనర్ వాది భార్యకు మజ్జిగ తాగించిన మాట నిజమేనా అని అడిగాడు.

“నిజమే. రిపోర్టు పన్నెండో పేజీలో రాసినాను” అన్నాను.

“ప్రతివాదుల వాళ్లకెందుకివ్వలేదు?”

“వాళ్లలో ఎవరూ పడిపోలేదు. పడిపోయింటే ఇచ్చేదాన్ని. అదీ రాసేదాన్ని.”

ఆయన ఇంకో అరగంట తిప్పితిప్పి అడిగాడు. నేను ఎవరింట్లో తిన్నానని, ఎవరి నీళ్లు తాగానని. ఇంటి నుంచి తెచ్చుకున్నవే అన్నాను. అంత ఎండలో సాయంత్రం దాకా అవెలా నిలిచాయని అడిగితే, పొడి కంబళి రెండు మడతలు చుట్టానని చెప్పాను. ఎవరో నవ్వారు కానీ జడ్జిగారు నవ్వలేదు, రాసుకున్నారు. వారం తర్వాత అభ్యంతరాలు కొట్టేసి రిపోర్టును తీసుకున్నారు. ఇంటికొచ్చి చెబితే అమ్మ, పొయ్యి దగ్గర పని ఆపకుండానే, సరేలే, కంబళ్లు ఎండకెయ్యి అంది.

రిపోర్టు నిలిచినా తీర్పు మాత్రం రాలేదు. రెండేళ్ల తర్వాత, పైనున్న నాయకులు కలిసిపోయారు. ఈ ఊరి రెండు ఇళ్లూ ఒకే పార్టీ కిందికి వచ్చాయి. పెద్దమనుషులు కూర్చుని రాజీ చేసి, ముసలాయన చేత కేసు తీయించారు. ఆయన ఇష్టపడి చేశాడో లేదో నాకు తెలియదు, నేను అడగకూడదు కూడా. తర్వాత కొన్నాళ్లకు ఆయన భార్య బస్సెక్కి ప్రొద్దుటూరుకు నన్ను వెతుక్కుంటూ వచ్చింది. కేసు ముగిసింది కాబట్టి ఆమెను ఇంట్లోకి పిలవడానికి నాకు అడ్డు లేదు. నేను రాసిన కాగితాలు ఒక కాపీ కావాలంది.

“కేసు పోతే పోయింది. నా చెట్లు ఎన్నుండెనో యాడో ఒక చోట రాసుండాల గదమ్మా” అంది.

కాపీ తీయించి తెచ్చి, ఆమెకు చదువు రాదు కాబట్టి సాలు సాలుకూ చదివి వినిపించాను. పద్దెనిమిదో సాలు దగ్గర ఆపితే, ఇంకా రెండు సాళ్లు ల్యావే అంది. నేను దాచలేదు. మొదటిరోజు నా నీళ్లు అయిపోయి, కళ్లు తిరిగి, పని మధ్యలో ఆపి వచ్చానని, ఆ నాలుగు రోజుల్లో అవి పోయాయని చెప్పాను. ఆమె కాగితాలు మడిచి కొంగున కట్టుకుని, సాయంత్రం బస్సుకు పోయింది.

ఆ తర్వాత జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల చుట్టూ ఎన్నో ఊళ్లకు కమిషన్ మీద పోయాను. ఇరు పక్షాలూ ఒప్పుకోని చోటికి నన్ను వేయడం అలవాటైంది. ఎక్కడా గ్లాసు నీళ్లు ముట్టలేదు. ఎంత పెద్ద పొలమైనా, ఎంత ఎండైనా, ఒక్క కమిషన్ కూడా రెండో రోజుకు వదల్లేదు.